దూదక్క చెయ్యి, బడాయి మామ షాఫ్టు

బడాయి మామ ఒకసారి చంద్రుణ్ణి జాకీ పెట్టి ఎత్తాడు. చంద్రుడు చాలా కాలంగా ఓ పక్కకు ఒరిగిపోతున్నా ఎవరూ పట్టించుకోలేదట. చూసి చూసి ప్రాణం ఉసూరుమని ఈయనే నిచ్చెన వేసుకుని వెళ్ళాడట. ఎత్తాక, కిందికి దిగే తొందరలో జాకీ అక్కడే మరచిపోయాడట. నమ్మనివాళ్ళకు ఆకాశం వైపు వేలు చూపిస్తాడు. "ఆ మచ్చ ఏంటనుకున్నావు మరి?"

బ్యాండేజీ గుడ్డ తయారయ్యే కార్ఖానాలో ఆయన ఫిట్టరు. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. చిన్నా పెద్దా అందరికీ బడాయి మామే, ఆఖరికి ఓనరుగారికి కూడా. చదువు ఐదో తరగతిలో ఆగిపోయింది. "నేను మానలేదు. బడే నన్ను అందుకోలేక వెనకబడింది" అంటాడు, ఆ బడి మీద జాలిపడుతూ.

ఆయన భార్యది అదే కార్ఖానాలో గుడ్డ చుట్టే మిషను. పొద్దున నల్లటి జుట్టుతో లోపలికి వెళ్ళి సాయంత్రం తెల్లటి జుట్టుతో బయటికొస్తుంది. నూలు పొట్టు అలా పడుతుంది మరి. గేటు దగ్గర కొంగుతో తల దులుపుకుంటే చాలు, చూస్తుండగానే ముసలితనం రాలిపోయి మళ్ళీ నడివయసు మనిషి అయిపోతుంది. అందరూ ఆమెను దూదక్క అంటారు.

ఆ కార్ఖానా లోపల ఎప్పుడూ ఓ మబ్బు దిగి ఉన్నట్టే ఉంటుంది. పైనున్న కిటికీల్లోంచి ఎండ పడితే ఆ ఎండలో పొట్టు నెమ్మదిగా తేలుతుంది, పడాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు. మగ్గాల గది గోల గోడకు అవతలే ఆగిపోతుంది. ఇవతల దూదక్క మిషను చేసే చప్పుడు చాలా చిన్నది, నిద్రపోయే పిల్లి గొంతులోంచి వచ్చేంత. పల్చటి గుడ్డ పై నుంచి జారుతూ వచ్చి షాఫ్టు మీద చుట్టుకుంటుంది. చూస్తూ నిలబడితే మనం నిలబడ్డామో, గుడ్డతో పాటు మనమూ పోతున్నామో తెలియదు.

ఇక్కడ ఆ షాఫ్టు సంగతి చెప్పాలి. అది మిషను పక్క భాగంలోంచి బయటికి వచ్చిన ఉక్కు కడ్డీ. దాని మొదలు మిషను లోపల బేరింగుల్లో బిగిసి ఉంటుంది, కొస మాత్రం గాలిలో ఉంటుంది. అలా ఉండి తీరాలి. ఎందుకంటే అట్ట గొట్టాన్ని ఆ కొస నుంచే షాఫ్టుకు తొడగాలి, గుడ్డంతా చుట్టుకున్నాక ఆ చుట్టను మళ్ళీ ఆ కొస నుంచే లాగెయ్యాలి. కొసకు అడ్డంగా ఏదైనా పెడితే చుట్ట బయటికి రాదు.

మొదట్లో అది పొట్టి షాఫ్టు, దాంతో ఏ గొడవా లేదు. తరవాత ఆసుపత్రులవాళ్ళు వెడల్పు గుడ్డ కావాలన్నారు. వెడల్పు గుడ్డకు పొడుగు షాఫ్టు కావాలి. ఓనరుగారు బయటి నుంచి తెప్పిద్దామంటే బడాయి మామ నొచ్చుకున్నాడు.

"బయటి నుంచా? నేను బతికుండగానా? నేను పెట్టే షాఫ్టు మీద ఏనుగు పడుకుని కునుకు తీసినా వెంట్రుకంత వంగదు సార్."

అన్నట్టే ఉక్కును లేతు మిషను మీద అద్దంలా నున్నగా తిప్పి, పొడుగు షాఫ్టు బిగించాడు. మొదటి చుట్ట మొదలైనప్పుడు ఓనరుగారు దగ్గరే నిలబడ్డారు. గుడ్డ చుట్టుకునే కొద్దీ బరువు పెరిగింది. కొస కుంగడం మొదలైంది. ఎవరికీ కనిపించేంత కాదు. కానీ గుడ్డకు తెలిసింది. అది ముడతలు పడుతూ కొస వైపు జారసాగింది. ఇంకాసేపు అలాగే వదిలేస్తే చుట్ట గరాటులా తయారయ్యేది, బడాయి మామ మాట కూడా దాంతో పాటే జారిపోయేది.

అప్పుడు దూదక్క, ఏదో తుడుస్తున్నదానిలా, నూనెలో తడిసిన తోలు ముక్క ఒకటి అరచేతిలో పెట్టుకుని, తిరిగే కొస కింద ఆ చెయ్యి ఆనించింది. ముడతలు పోయాయి. చుట్ట తిన్నగా వచ్చింది. ఓనరుగారు తల ఊపి వెళ్ళిపోయారు. బడాయి మామ ఆ సాయంత్రం గేటు దగ్గర ఏనుగు కథ చెప్పాడు.

ఆ రోజు పెట్టిన చెయ్యి ఆమె మళ్ళీ తీయలేదు.

ప్రతి చుట్టకూ అంతే. సగం నిండేదాకా ఆమె ఊరికే నిలబడుతుంది. సగం దాటాక మిషను చప్పుడులో ఎక్కడో చిన్న బరువు వినిపిస్తుందట ఆమెకు. అప్పుడు కుడిచెయ్యి దానంతటదే లేచి కొస కిందికి వెళుతుంది. కళ్ళు సగం మూసుకుని అలా నిలబడితే, నిద్రపోతున్న మనిషి తల కింద చెయ్యి పెట్టినట్టు ఉంటుంది. ఏళ్ళు గడిచేసరికి అదే పద్ధతి అయిపోయింది. కార్ఖానాలో ఎవరికీ అది వింతగా తోచలేదు. చుట్టే మిషనుకు మోటారుంది, బెల్టుంది, షాఫ్టుంది, దూదక్క చెయ్యి ఉంది.

ఆ ఏడు వానలు మొదలవుతుండగా ఒక పొద్దున ఆమె చెయ్యి తల దాకా లేవలేదు. దువ్వెన చెవి దగ్గరే ఆగిపోయింది. అద్దంలో తనను తాను కాసేపు చూసుకుని, దువ్వెన వెనక్కి చాపింది.

"ఏమయ్యా, కాస్త ఈ జడ వెయ్యి."

బడాయి మామ జడ వేశాడు. వేస్తూ, ఒకప్పుడు తుఫానులో తెగిపోయిన వంతెన తాళ్ళను తాను ఇలాగే మూడు పాయలుగా అల్లి నిలబెట్టానన్నాడు.

"ఆ వంతెన ఇప్పుడుందా?"

"ఉంది. నదే లేదు."

ఆమె నవ్వింది. నవ్వితే భుజం కదిలి, నవ్వు మధ్యలోనే ఆగింది. ఆయన చేతిలో జడ కూడా ఆగింది.

డాక్టరు భుజాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ పని మానకపోతే చెయ్యి అలాగే బిగుసుకుపోతుందన్నాడు. ఏం పని అని అడిగాడు. షాఫ్టు మోసే పని అని ఎలా చెప్తారు.

సంగతి ఓనరుగారి దాకా వెళ్ళింది. ఆయన చెడ్డవారు కారు. "ప్యాకింగు బల్ల దగ్గరికి వచ్చెయ్యమ్మా. కూర్చుని చేసుకోవచ్చు. సోమవారం నుంచి మిషను దగ్గర వేరే మనిషిని పెడతాను" అన్నారు. మంచి మాటే. కాదనడానికి ఏమీ లేదు. దూదక్క సరేనంది. కానీ ఆ పూట మిషను తుడవడానికి మామూలు కంటే చాలాసేపు పట్టింది ఆమెకు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. పెళ్ళైన కొత్తలో ఆ మిషను ముందు నిలబడింది. అక్కడ నిలబడే జీవితంలో ఆలోచించాల్సినవన్నీ ఆలోచించుకుంది. జారే ఆ తెల్లటి గుడ్డ ముందు కాకుండా ఇంకెక్కడైనా తనకు ఆలోచన వస్తుందో రాదో ఆమెకు తెలియదు.

బడాయి మామ ఓనరుగారి గదికి వెళ్ళాడు.

"సార్, కొసకు ఆధారం పెడతాను. అప్పుడు చెయ్యీ అక్కర్లేదు, మనిషిని మార్చే పనీ లేదు."

"స్తంభం పెడితే చుట్ట ఎలా తీస్తావు మామా?"

"ఏదో చేస్తాను."

"పోనీ షాఫ్టు లావుది పెట్టు."

"గొట్టం ఎక్కదు సార్."

ఓనరుగారు కళ్ళజోడు తీశారు. "వెంట్రుకంత వంగదన్నావు. నమ్మాను. ఇన్నాళ్ళకు తెలిసింది, వంగకుండా ఎవరు ఆపారో."

చంద్రుణ్ణి ఎత్తిన మనిషి, చేతులు వెనక కట్టుకుని ఆ గది గడప దాటాడు.

ఆదివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. దూదక్క చాప మీద కునుకు తీస్తోంది. పక్కన పడి ఉన్న కుడిచెయ్యి అరచేయి పైకి తిరిగి ఉంది, దేన్నో మోస్తున్నట్టు వేళ్ళు కొద్దిగా వంగి. బడాయి మామ ఆ చేతినే చూస్తూ పడుకున్నాడు. చూస్తూ చూస్తూ నిద్రలోకి జారాడు.

కలలో ఆయన షాఫ్టు పెరుగుతోంది. కార్ఖానా గోడను తోసుకుని వీధిలోకి వచ్చింది, ఇళ్ళ మీదుగా సాగిపోయింది. జనం దాని మీద బట్టలు ఆరేసుకున్నారు. పావురాలు వరసగా కూర్చున్నాయి. సాగే కొద్దీ కొస కిందికి వాలింది, వాలే కొద్దీ వీధిలో ఉన్న వాళ్ళందరూ ఒక్కొక్కరే వచ్చి దాని కింద చేతులు పెట్టారు. ఎవరూ ఏమీ అడగలేదు. సాయంత్రమైంది. ఒక్కొక్కరే ఇళ్ళకు వెళ్ళిపోయారు. చివరికి ఒక్క చెయ్యే మిగిలింది, అది ఎవరిదో ఆయనకు తెలుసు. ఆయన పరుగెడుతున్నాడు, కాళ్ళ కింద అంతా తెల్లటి గుడ్డ, అడుగు ముందుకు పడటం లేదు. అంతలో వీధి మలుపులోంచి ఒక తలుపు నడిచి వచ్చింది. మామూలు తలుపే, రేకుది, కింద కాస్త తుప్పు పట్టింది. తాపీగా వచ్చి, ఆ కొస కింద నిలబడింది. తరవాత, ఎవరో పిలిచినట్టు, పక్కకు తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది.

మెలకువ వచ్చేసరికి పెరట్లో స్నానాలగది తలుపు గాలికి కొట్టుకుంటోంది. తెరుచుకోవడం, మూసుకోవడం. తెరుచుకోవడం, మూసుకోవడం. ఆయన లేచి వానలో నిలబడి దాన్ని చాలాసేపు చూశాడు. తరవాత పానా తెచ్చి, బందులతో సహా తలుపు ఊడదీసి, చట్రాన్ని రేకు నుంచి విడదీశాడు.

దూదక్క లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏంటయ్యా అది?"

"స్తంభం పక్కన ఉంటుంది. దానికి ఈ బందులు. బందులకు ఇనుప చెయ్యి. గుడ్డ చుట్టేటప్పుడు చెయ్యి కొస కిందికి వస్తుంది. చుట్ట తీసేటప్పుడు తలుపు తీసినట్టు పక్కకు పోతుంది. అడ్డం ఉండదు, ఆధారమూ పోదు."

ఆమె కాసేపు ఆలోచించింది. "బాగానే ఉంది. మరి నేను స్నానం ఎలా చెయ్యాలి?"

"చీర అడ్డం కట్టుకో."

"గాలొస్తే?"

"పాట పాడు. నీ పాట వింటే పెరట్లోకి గాలి కూడా రాదు."

తడి తుండుగుడ్డ ఆయన వీపు మీద చెళ్ళున తగిలింది. ఎడమ చేత్తో విసిరింది కాబట్టి గురి కాస్త తప్పిందని ఆయన తరవాత అందరికీ చెప్పుకున్నాడు.

సోమవారం పొద్దున కొత్త మనిషి రాకముందే ఆయన కార్ఖానాకు చేరాడు. స్తంభాన్ని నేలకు బోల్టులతో బిగించాడు. ఇనుప చేతి చివర రెండు చిన్న చక్రాలు పక్కపక్కన పెట్టాడు, వాటి మధ్య పల్లంలో షాఫ్టు కొస కూర్చుంటుంది. తిరిగే షాఫ్టుతో పాటు చక్రాలూ తిరుగుతాయి. చెయ్యి పక్కకు పోకుండా గడియ పెట్టాడు. అంతా బాగుంది. కానీ బడాయి మామ బడాయి మామే కదా. షాఫ్టు తిన్నగా ఉంటే చాలదనిపించింది ఆయనకు. ఓనరుగారి మాట ఇంకా చెవిలో ఉంది. ఇనుప చేతి ఎత్తు మార్చే కింది మరను ఇంకాస్త తిప్పి, కొస ఠీవిగా తల ఎత్తి ఉండేలా లేపాడు.

ఓనరుగారు వచ్చారు. ప్యాకింగు వదిన కూడా బల్ల వదిలి వచ్చింది. ఈమె బడాయి మామకు సొంత అక్క, దూదక్కకు వదిన. అందుకని కార్ఖానాకంతా వదినే. గోడ వారన ఒక కొత్త మనిషి టిఫిను డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఇది మీ స్నానాలగది తలుపు కదరా. సబ్బు మరక ఇంకా పోలేదు."

"చూస్తూ ఉండక్కా. ఇక దీని మీద ఏనుగు కాదు, ఏనుగు అత్తవారంతా పడుకోవచ్చు."

"ఒక్క చుట్ట చూస్తాను మామా. కుదిరితే సరే. లేకపోతే ఆ అమ్మాయి పనిలోకి దిగుతుంది" అన్నారు ఓనరుగారు.

మిషను తిరిగింది. గుడ్డ దిగింది. కాసేపు అంతా బాగానే సాగింది. తరవాత మిషను లోపలి నుంచి, షాఫ్టు మొదలు దగ్గర, సన్నటి కీచు మొదలైంది. అది పెరిగి కూతైంది. మాడిన గ్రీజు వాసన వచ్చింది. ఓనరుగారు లోపలి బేరింగు మూత మీద వేలు పెట్టి చటుక్కున తీసేసుకున్నారు.

"ఆపండి."

మిషను ఆగింది. ప్యాకింగు వదిన నోరు తెరిచి, తమ్ముడి మొహం చూసి మూసేసింది. ఎప్పుడూ వెక్కిరించే మనిషి వెక్కిరించకపోతే ఎంత బరువుగా ఉంటుందో అప్పుడు తెలిసింది బడాయి మామకు. గోడ వారనున్న మనిషి టిఫిను డబ్బా కింద పెట్టింది.

దూదక్క ముందుకు వచ్చింది. ఇనుప చేతిని పక్కకు తీసి, షాఫ్టు కొసను చూసింది, దాని మొదలును చూసింది.

"నువ్వు ఎత్తావు."

"కుంగుతుంది కదా. అందుకే ఎత్తాను."

"నేనెప్పుడూ ఎత్తలేదు" అంది ఆమె. "ఇక్కడ పైకి లేపితే అక్కడ దాని మెడ మెలిపడుతుంది. నేను ఊరికే కింద ఉండేదాన్ని, అంతే. సార్, బేరింగు చల్లారాక ఇంకొక్కసారి తిప్పనివ్వండి. ఈ సారి నా చేతి మీద."

"వద్దమ్మా, భుజం..."

"నా చెయ్యి పైన. కింద ఆయన చెయ్యి."

బేరింగు చల్లారాక గ్రీజు పెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. ఆమె తోలు ముక్కను ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన చేతిని కొస కిందికి తీసుకెళ్ళి, మణికట్టు మీద తన వేళ్ళు ఆనించింది. ఆయన వెంటనే పైకి నొక్కబోయాడు. ఆమె వేళ్ళు కిందికి లాగాయి. చేతికీ షాఫ్టుకూ మధ్య ఊపిరి పట్టేంత సందు ఉంచింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడేం లేదు. అది వచ్చేదాకా ఉండు."

గుడ్డ దిగుతూనే ఉంది. కిటికీల్లోంచి ఎండ వచ్చింది, ఎండలో పొట్టు తేలింది, అది ఆయన కనుబొమల మీద, ఆమె జడ మీద వాలింది. అందరూ ఉన్నారన్న సంగతి ఆయన మరచిపోయాడు. ఎప్పటికో, మిషను చప్పుడులో చిన్న మార్పు వినిపించింది, వినిపించిందో అనిపించిందో. అదే క్షణంలో ఉక్కు వచ్చి ఆయన అరచేతిని తాకింది. నిద్ర ముంచుకొచ్చిన పిల్ల తల ఒడిలోకి వాలినట్టు, అంత మెల్లగా. తరవాత బరువు పెరిగింది. పెరుగుతూనే ఉంది. భుజంలో సన్నటి మంట మొదలై మెడ దాకా పాకింది. చుట్ట నిండడానికి ఇంకా చాలా ఉంది.

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె గుడ్డనే చూస్తోంది, కళ్ళు సగం మూసుకుని, ఎప్పట్లాగే.

చుట్ట అయిపోయాక ఆయన చెయ్యి కిందికి దించాడు. అందరూ కథ కోసం ఎదురుచూశారు. కథ రాలేదు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఇనుప చేతి కింది మరను వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. కొంచెం తిప్పడం, షాఫ్టుకూ చక్రాలకూ మధ్య గుడ్డ ముక్క దూర్చి చూడటం, మళ్ళీ తిప్పడం. ఒంటి మడత గుడ్డ తేలిగ్గా జారే చోట ఆపి ఆమె వైపు తలెత్తాడు. ఆమె వంగి, ఆ సందులోకి వేలి గోరు పోనిచ్చి, "ఆ, అంతే" అంది.

మూడోసారి మిషను తిరిగింది. ఖాళీ షాఫ్టు తనంతట తానే తిరిగింది, చక్రాలు కదలలేదు. చుట్ట సగం నిండింది. దూదక్క కుడిచెయ్యి అలవాటుగా లేచింది, సగం దాకా వచ్చి గాలిలోనే ఆగింది. అప్పుడే ఆ రెండు చిన్న చక్రాలు, ఎవరో తట్టి లేపినట్టు, తిరగడం మొదలుపెట్టాయి. కీచు లేదు. ముడత లేదు. చుట్ట అంచు కత్తితో కోసినట్టు తిన్నగా పెరుగుతూ పోయింది. నిండాక బడాయి మామ మిషను ఆపి గడియ తీశాడు. స్నానాలగది బందు పాత అలవాటుగా కిర్రుమంది. ఇనుప చెయ్యి పక్కకు తప్పుకుంది, చుట్ట జారి బయటికి వచ్చింది.

ఓనరుగారు ఆ అంచు మీద అరచెయ్యి పెట్టి రాశారు. గోడ వారనున్న మనిషి వైపు తిరిగి, "నువ్వు ప్యాకింగు బల్ల దగ్గరికి వెళ్ళమ్మా. అక్కడా మనిషి కావాలి" అన్నారు. తరవాత బడాయి మామ వైపు చూశారు. "ఇంతకీ మామా, నీ షాఫ్టు వంగుతుందా, వంగదా?"

బడాయి మామ జీవితంలో మొదటిసారి నిజం చెప్పబోతున్న మనిషిలా గొంతు సవరించుకున్నాడు.

"వంగదు సార్" అంది దూదక్క.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఏనాడూ వంగలేదు. నేనే ఊరికే నిలబడలేక, ఏదో ఒకటి పట్టుకుందామని అక్కడ చెయ్యి పెట్టేదాన్ని. ఒకసారి వర్షాకాలంలో ఏనుగు వచ్చి దాని మీద పడుకుంది కూడా. పొట్టు పడి తెల్లగా అయిపోయిందేమో, మీకెవరికీ కనిపించలేదు. అది లేచి వెళ్ళేసరికి పొద్దు పోయింది."

ప్యాకింగు వదిన పడీ పడీ నవ్వింది. ఓనరుగారు నవ్వు దాచుకోవడానికి కళ్ళజోడు తుడుచుకున్నారు. బడాయి మామ మాత్రం నవ్వలేదు. భార్య మొహాన్ని, ఆమె జుట్టు మీద అప్పుడే వాలుతున్న తెల్లటి పొట్టును, ఖాళీగా పక్కన వేలాడుతున్న ఆమె కుడిచేతిని చూస్తూ ఉండిపోయాడు.

"ఆడ ఏనుగా, మగ ఏనుగా?" అని అడిగాడు చివరికి, చాలా మెల్లగా.

"నిద్రపోతున్న ఏనుగుని లేపి అడగమంటావా" అంది ఆమె, కొత్త గొట్టం ఎడమ చేత్తో తొడుగుతూ.